గాజు, పీఠంతో సహా

మా సంస్థ ఇంతవరకు ఒక్క రాయికి కూడా సర్టిఫికెట్ ఇవ్వలేదని పత్రికలు ఎగతాళిగా రాస్తున్నాయి. నిజమే. కానీ ఒక్క తప్పుడు సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదన్న సంగతి ఏ పత్రికా రాయదు. అందుకని ఆ సంస్థలో స్టోర్‌కీపర్‌గా పనిచేస్తున్న నేను, కూర్మారావును, జరిగింది జరిగినట్టు చెప్పదలచుకున్నాను. విన్నాక నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇందులో నవ్వవలసింది ఏముందో నాకైతే తెలియలేదు.

ముందు సంస్థ ఎలా పుట్టిందో చెప్పాలి. రాజధానిలో ఒక పెద్దమనిషి భార్యకి ఎవరో జేడ్ రాతితో చేసిన వినాయకుణ్ణి బహూకరించారు. జేడ్ అంటే బర్మా వైపు గనుల్లో దొరికే ఆకుపచ్చ రాయి. పచ్చల్లా తళతళలాడదు, నూనె రాసినట్టు నున్నగా ఉంటుంది. ఆవిడ ఆ వినాయకుణ్ణి పూజగదిలో పెట్టి రోజూ పాలతో అభిషేకం చేయించింది. వారం తిరక్కుండానే పాలు ఆకుపచ్చగా, వినాయకుడు తెల్లగా అయిపోయారు. తీర్థం పుచ్చుకున్నవాళ్ళ నాలుకలు కూడా పచ్చబడ్డాయి. వచ్చినవాళ్ళు మహిమ అన్నారు, పెద్దమనిషి మాత్రం రంగు అన్నాడు. ఆయనకి కోపం వచ్చింది. కోపం వచ్చిన పెద్దమనిషికి చట్టం తేవడం ఎంతసేపు?

ఆ చట్టం ప్రకారం జేడ్ మూడు రకాలు. గనిలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంటే అది సహజం. యాసిడ్‌లో నానబెట్టి మరకలు పోగొట్టి, లోపలి సందుల్లో జిగురు ఎక్కిస్తే అది సంస్కరితం. రంగు పట్టిస్తే కృత్రిమం. జేడ్ ఉన్న ప్రతివాళ్ళూ అది ఏ రకమో తేల్చుకుని సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. సర్టిఫికెట్ లేని రాయిని రంగురాయి కిందే లెక్కగట్టి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. ఆ సర్టిఫికెట్లు ఇవ్వడానికి విశాఖపట్నంలో వెలసిందే మా హరితశిలా సహజత్వ నిర్ధారణ సంస్థ.

మా డైరెక్టర్ విరూపాక్షరావు గారు డాక్టరు. అంటే రొయ్యల జబ్బుల మీద డాక్టరేటు. చేపల శాఖ నుంచి మాకు వచ్చారు. రొయ్యకీ రాయికీ ఏమిటి సంబంధమని ఎవరో విలేకరి అడిగితే, రెండూ నీళ్ళలో పరిశీలించవలసినవే అని జవాబిచ్చారు. భారీ మనిషి. ఆయన మెట్లెక్కి వస్తున్నారంటే ఆ చప్పుడుకే మేం ఫైళ్ళు తెరిచేవాళ్ళం.

రాళ్ళను పరీక్షించే యంత్రం ఒకటి విదేశం నుంచి మాకు వచ్చింది. దానితో పాటు వచ్చిన పుస్తకంలో, ఇందులో సహజమైన రాళ్ళనే పెట్టాలి, జిగురు పట్టించినవి పెడితే వేడికి కరిగి అద్దం పాడవుతుంది, అలా పాడైతే మా పూచీ లేదు అని రాసి ఉంది. రాయి సహజమని తేలితే గాని యంత్రంలో పెట్టకూడదు, యంత్రంలో పెడితే గాని రాయి సహజమని తేలదు. డైరెక్టర్ గారికి ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. యంత్రాన్ని పెట్టెలోంచి తియ్యవద్దని ఆదేశించారు. ఆ పెట్టె మీద మేం మంచినీళ్ళ కూజా పెట్టుకున్నాం.

యంత్రం బదులు ఆయన చేతి పరీక్షలు ప్రవేశపెట్టారు. రాయిని దారంతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాలి. సహజమైతే గంటలా మోగుతుంది, జిగురుదైతే టప్‌మంటుంది. తరవాత చెంపకి ఆనించుకోవాలి. సహజమైన జేడ్ చాలాసేపు చల్లగా ఉంటుంది. ఈ పరీక్షలు పుస్తకాల్లో ఉన్నవే, ఆయన కల్పించినవి కావు. కాకపోతే ఆయన తన వంతుగా ఒక నిబంధన చేర్చారు. నమూనా యజమాని దగ్గర ఉంటే ప్రభావితం అవుతుంది కాబట్టి, దాన్ని యజమాని నుంచి వేరుచేసి, సీలువేసి, పరీక్ష పూర్తయ్యేదాకా నా స్టోరు గదిలో ఉంచాలి.

ఇలా ఉండగా ఒకరోజు గున్నమ్మ వచ్చింది.

గున్నమ్మకి డెబ్భై దాటి ఉంటాయి. బర్మా నుంచి తరిమేస్తే ఓడెక్కి వచ్చిన కుటుంబాలకి ఇక్కడ ఒక కాలనీ ఉంది కదా, అక్కడి మనిషి. రోడ్డు పక్కన బండి పెట్టి బర్మా నూడుల్స్ అమ్ముతుంది. శనగపిండి, వేయించిన ఉల్లిపాయ, అరటి దూట వేసి కాచిన పులుసు పోసి ఇస్తుంది. ఆమె కుడిచేతికి ఆకుపచ్చ గాజు ఉంది. మా తనిఖీవాళ్ళు బండి దగ్గర నూడుల్స్ తిని, మూతి తుడుచుకుని, గాజు చూసి నోటీసు ఇచ్చారు. సర్టిఫికెట్ తేవాలి, లేకపోతే గాజు కోసి పట్టుకెళ్తాం అన్నారు. పాపం ఆమె బండి కూతురు పైడమ్మకి అప్పగించి, చేతి మీద పమిట కప్పుకుని మా ఆఫీసుకి వచ్చింది.

గాజు తీసి ఇవ్వమన్నాను.

"తీస్తే రాదు బాబూ," అంది గున్నమ్మ. "సిన్నప్పుడు రంగంలో ఓడెక్కేముందు మాయమ్మ తొడిగినాది. రెండ్రోజులకి ఓడలోనే సచ్చిపోనాది. ఓడోలు సముద్దరంలో ఒగ్గేసినారు. అప్పుటి నుంచీ ఇది కదల్నేదు. ఇది కోసేత్తే మాయమ్మని మళ్ళీ సముద్దరంలో ఒగ్గేసినట్టే."

రంగూన్‌ని వాళ్ళు రంగం అంటారు. ఆమె మాట విని నా మనసు కలుక్కుమంది, కానీ మనసు కలుక్కుమంటే ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. సబ్బు రాశాం. కొబ్బరినూనె రాశాం. చేతికి పాలిథీన్ సంచి తొడిగి లాగాం. చెయ్యి కందిపోయింది గాని గాజు బొటనవేలి ఎముక దాటలేదు. ఇక లాభం లేదని ఫైలు డైరెక్టర్ గారికి పంపాను.

ఆయన మధ్యాహ్నం దాకా నిబంధనలు తిరగేసి నన్ను పిలిపించారు. ముఖం వెలిగిపోతోంది. విగ్రహాల కోసం రాసిన నిబంధన ఒకటి దొరికింది. పీఠం నుంచి విడదీయ వీలుకాని నమూనాలను పీఠంతో సహా స్వీకరించవచ్చు.

"కూర్మారావు గారూ, సదరు గాజుకు సదరు స్త్రీ పీఠస్థానంలో ఉన్నది. నిబంధన దృష్ట్యా రాతి పీఠమునకు, ప్రస్తుత పీఠమునకు భేదము లేదు. తగు విధముగా స్వీకరించి భద్రపరచగలరు," అన్నారు.

తగు విధముగా స్వీకరించాను. జేడ్ గాజు ఒకటి, పీఠంతో సహా, అని రాసుకున్నాను. పీఠం స్థితి అన్నచోట, అక్కడక్కడ ముడతలు, మొత్తం మీద బాగుంది, అని రాశాను. కాటా మీద నిలబెట్టి బరువు చూశాను. గాజు మీద గుడ్డ చుట్టి, దారం కట్టి, లక్క సీలు వేశాను, లక్క చెయ్యికి తగలకుండా జాగ్రత్తపడ్డాను కూడా. తరవాత రసీదు ఆమె చేతిలో పెట్టి, యజమాని ఇంటికి వెళ్ళవచ్చు, పీఠం మాత్రం స్టోరు గదిలోకి రావాలి అని వివరించాను.

గున్నమ్మ రసీదు కొంగున ముడేసుకుంది.

"మరి నానెటెల్లాలి బాబూ?" అంది.

వెళ్ళి డైరెక్టర్ గారిని అడిగాను. రెండూ జరగాలన్నారు. ఆ క్షణం నుంచి మా ఫైళ్ళ ప్రకారం గున్నమ్మ తన ఇంట్లో ఉంది, గాజు తాలూకు పీఠం మా స్టోరు గదిలో ఉంది. పీఠం నేలమీద పడుకోవడం చూడలేక మా ఇంటి నుంచి నవారు మంచం తెప్పించి వేశాను. దాన్ని పీఠానికి ఆధారం అని రాసుకున్నాను.

సాయంత్రానికి పైడమ్మ తల్లిని వెతుక్కుంటూ వచ్చింది. మీ అమ్మ ఇంటికి వెళ్ళిపోయినట్టు ఫైల్లో ఉందని చెప్పాను. కిటికీలోంచి తల్లి కనిపిస్తోంది, తల్లి చెయ్యి ఊపుతోంది కూడా. అయినా పైడమ్మ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తెచ్చిన కేరియరు లోపలికి పంపమంది. బయటి తిండి వల్ల నమూనా కలుషితమవుతుందని డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. పీఠం నిర్వహణ ఖర్చు కింద మా క్యాంటీన్ నుంచి రెండు పూటలా ఉప్మా మంజూరు చేశారు. పైడమ్మ ఆ కేరియరు అక్కడే మెట్ల మీద కూచుని తనే తినేసి, మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు గున్నమ్మ ఒక్కసారి బండి చూసి వస్తాను, సెలవిప్పించమని కాగితం రాయించి వేలిముద్ర వేసింది. దాని మీద డైరెక్టర్ గారు ఎర్ర సిరాతో, పీఠమునకు సంతకము గాని, వేలిముద్ర గాని చేయు అర్హత లేదు, యజమానిచే దరఖాస్తు చేయించవలెను, అని రాశారు. దరఖాస్తు చెయ్యమని యజమానికి ఇంటి అడ్రసుకి లేఖ పంపాం. ఇంట్లో ఎవరూ లేరని పోస్టుమాన్ తిప్పి పంపాడు. యజమాని నిర్లక్ష్యం మీద డైరెక్టర్ గారు చాలా బాధపడ్డారు. ప్రజలు సహకరించకపోతే మనం ఎంత చేసి ఏం లాభమని అన్నారు.

తరవాత పరీక్షలు మొదలయ్యాయి. మొదటిది మోత పరీక్ష. గాజును దారంతో వేలాడదీయాలి. పీఠంతో సహా వేలాడదీయాలంటే ఎంత గట్టి దారం కావాలన్నది పెద్ద చర్చ అయింది. ఓడరేవు నుంచి ఒక క్రేన్ అద్దెకి తెద్దామని ఒకరన్నారు. అగ్నిమాపక శాఖ అనుమతి కావాలని ఇంకొకరన్నారు. గున్నమ్మ ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి విని, నన్ను పైకి లాగేటప్పుడు చీర కుచ్చిళ్ళ సంగతి ఎవరు చూస్తారని అడిగింది. అది నిబంధనల్లో లేదు. అంచేత మోత పరీక్షను వాయిదా వేశారు.

చెంప పరీక్ష డైరెక్టర్ గారు స్వయంగా చేస్తానన్నారు. సీలు విప్పాం. ఆయన నమస్కారం పెట్టి, కళ్ళద్దాలు తీసి, వంగి గున్నమ్మ మణికట్టుకి చెంప ఆనించారు. ఆమె సిగ్గుపడి రెండో చేత్తో ముఖం మీదకి పమిట లాక్కుంది. ఆయన అలాగే కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నారు. లేచి, గాజు వెచ్చగా ఉందని ప్రకటించారు. గాజు వెచ్చగా ఉంటే సహజం కాదని పుస్తకం అంటుంది. కానీ ఆయన న్యాయమైన మనిషి, తొందరపడలేదు. వెచ్చదనం రాయిది కాదు, పీఠం లోపలి నుంచి వస్తోందని ఆయన కనిపెట్టారు. దాని మీద కమిటీ వేశారు. కమిటీ నివేదిక ఒకటే వాక్యం. పీఠము పూర్తిగా చల్లబడిన పిమ్మట పరీక్ష నిర్వహించవలెను.

ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పమని గున్నమ్మ నన్ను అడిగింది. చదివాను.

"అంటే నాను సచ్చేదాకా ఆగుతారన్నమాట," అంది.

ఫైల్లో ఆ మాట ఎక్కడా లేదని చెప్పాను.

"ఆగనీండి. అందాకా గాజు కొయ్యరు గదా. సచ్చినాక కోసుకుంటే నాకేటి?" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు రాలేదు. ఆమె ప్రాణమంతా ఆ గాజులో ఉందని, దాని కోసం ఆ మనిషి ఎన్నాళ్ళైనా ఆ గదిలో పడి ఉంటుందని అప్పుడు అర్థమైంది.

నెలాఖరున నిల్వలు సరిచూడటం మా పద్ధతి. పీఠాన్ని మళ్ళీ తూచాను. బండి దగ్గర నిలబడే పని లేదు, రెండు పూటలా ఉప్మా. బరువు పెరిగింది. సర్కారు కొలువులో నిల్వ తగ్గితే అంత భయం లేదు, ఎలకలు తిన్నాయని రాయొచ్చు. నిల్వ పెరిగితే మాత్రం ఎవరికీ జవాబు చెప్పుకోలేం. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. పెరిగిన బరువు ఎక్కడి నుంచి వచ్చిందంటే, క్యాంటీన్ ఉప్మా నుంచి అని నిజం రాశాను. అయితే ప్రభుత్వ ఉప్మా ఒక ప్రైవేటు వ్యక్తి తాలూకు పీఠంలో నిల్వ ఉన్నట్టే కదా అన్నారు డైరెక్టర్ గారు. అలాగే అయింది మరి. పీఠమును స్వీకరణ నాటి బరువునకు పునరుద్ధరించు నిమిత్తము గంజి మాత్రమే ఇవ్వవలెను, అని ఉత్తర్వు వేశారు.

గంజి మొదలైంది. బరువు దిగింది. స్వీకరించిన నాటి బరువుకి వచ్చింది, దాన్ని దాటి ఇంకా దిగింది. ఉప్మా ఆపమని ఉత్తర్వు ఉంది గాని, మళ్ళీ పెట్టమని లేదు. కొత్త ఉత్తర్వు కోసం ఫైలు పెట్టాను, అది తిరుగుతూ ఉంది. గున్నమ్మ బుగ్గలు లోతుకుపోయాయి. మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకుంటోంది. నేను నిబంధనలంటే గౌరవం ఉన్నవాణ్ణి, ఇప్పటికీ ఉంది. కానీ ఆ పూట క్యాంటీన్ గంజి చూసి నాకు కోపం వచ్చింది, నా మీద కూడా వచ్చింది. చొక్కా లోపల అరటిపళ్ళు దాచి తెచ్చి ఆమెకి పెట్టాను. వాటి బరువు ఎక్కడా రాయలేదు.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఆడిట్ అధికారిణి హైమవతి గారు తనిఖీకి వచ్చారు. సన్నటి మనిషి, ఎవరినీ కూచోమనరు, తనూ కూచోరు. మా దగ్గర ఉన్న మొత్తం నమూనాలు ఎన్నని అడిగారు. ఒకటి అన్నాను. చూపించమన్నారు. డైరెక్టర్ గారు ముందు నడిచి, పీఠం నుంచి విడదీయ వీలుకాని అపూర్వ నమూనా అని వర్ణిస్తూ స్టోరు గదిలోకి తీసుకొచ్చారు. పెద్దవాళ్ళు వచ్చారని గున్నమ్మ లేచి రెండు చేతులూ జోడించి, తరవాత చేతులు కిందికి దించింది.

గాజు జారి నేలమీద పడింది.

మంచం కింద పరిచిన గోనెపట్టా మీద పడబట్టి పగల్లేదు. గున్నమ్మ ఖాళీ చేతి వైపు చూసుకుంది. ఆ చోట చర్మం పసిపిల్లల చర్మంలా తెల్లగా ఉంది. ఆమె ఒక్కసారిగా మంచం మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ గదిలోకి వచ్చినప్పటి నుంచి ఆమె ఏడవడం అదే మొదటిసారి.

హైమవతి గారు గాజు తీసుకుని అటూ ఇటూ తిప్పారు. విడదీయ వీలుకాని నమూనా అని రాసి ఉంది కదా, ఇది విడిపోయింది కదా, అయితే ఇది ఆ నమూనా కాదు, అసలు నమూనా ఏమైంది అని అడిగారు. స్టోరు తాళాలు నా దగ్గరే ఉంటాయి. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. కానీ డైరెక్టర్ గారు నన్ను వదిలెయ్యలేదు, అందుకు ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను.

"మేడమ్, విడదీయ వీలుకాకుండుట అన్నది సదరు గాజుకు సహజమైన గుణము. తాత్కాలికముగా పీఠము క్షీణించినందున మాత్రమే ఇట్లు జరిగినది. తగినంత పీఠము లభించినచో ఆ గుణము తిరిగి ప్రత్యక్షమగును. నిరూపింతును," అని గాజు అందుకుని, తన లావుపాటి చేతికి పెట్టి, నొక్కి, ఎర్రబడిన ముఖంతో మెలితిప్పి, ఎముక దాటించారు. చెయ్యి పైకెత్తి ఊపారు. గాజు కదల్లేదు.

హైమవతి గారు పట్టుకుని లాగారు. రాలేదు. నన్ను లాగమన్నారు. మర్యాద కొద్దీ మెల్లగా లాగాను, తరవాత గట్టిగా లాగాను. రాలేదు.

నమూనా ఉంది, పీఠం నుంచి విడదీయ వీలుకాకుండానే ఉంది, అంతా సక్రమంగా ఉంది అని హైమవతి గారు రాసుకున్నారు. పీఠం బరువు మాత్రం సవరించుకోమన్నారు. డైరెక్టర్ గారి ముఖంలో విజయగర్వం నిలిచింది చాలా కొద్దిసేపు. అప్పటికి గున్నమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. కొంగుముడి విప్పి రసీదు తీసింది.

"నాను ఇప్పుడు పీఠాన్ని కాదు గదా. యజమానిని నానే. నా గాజు నాకిచ్చేయండి, ఎల్తాను," అంది.

యజమాని స్వయంగా హాజరై అడిగితే నమూనా ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలో తిరిగి ఇవ్వాలి. అది చట్టంలో ఉంది. గాజు కోసి ఇవ్వవచ్చునా అని డైరెక్టర్ గారు చాలా చిన్న గొంతుతో అడిగారు. కొయ్యాలంటే యజమాని ఒప్పుకోవాలన్నారు హైమవతి గారు.

గున్నమ్మ ఒప్పుకోలేదు. "గాజు మీద సెయ్యేత్తే ఊరుకోను. ఆరి సెయ్యి కోసుకుంటే నాకేటి అడ్డు?" అంది.

విడుదల ఉత్తర్వు మీద డైరెక్టర్ సంతకం కావాలి. డైరెక్టర్ గారు కలం తీశారు. పీఠానికి సంతకం చేసే అర్హత లేదన్న ఆయన ఎర్ర సిరా వాక్యాన్ని నేను వినయంగా ముందు పెట్టాను. ఆయన చదువుకుని, బాగానే రాశాను అన్నట్టు తలాడించి, కలం జేబులో పెట్టేసుకున్నారు. హైమవతి గారే సంతకం చేశారు. గున్నమ్మ ఒక ఆటో పిలిపించుకుంది. జేడ్ గాజు ఒకటి, పీఠంతో సహా, యజమానికి ముట్టింది.

డైరెక్టర్ గారు తిరగబడి ఉండవచ్చు కదా అని మీరనుకోవచ్చు. అలా అనుకునేవాళ్ళకి ఆయన సంగతి తెలియదు. నిబంధన తన మీదకి వచ్చినప్పుడు పక్కకి తప్పుకునే మనిషి కాదాయన. వాళ్ళావిడ ఆఫీసుకి వచ్చి, ఆయనకి అక్కడెలా జరుగుతోందని నన్ను అడిగింది. గంజి సంగతి, పళ్ళాలు కడిగే సంగతి చెప్పాను. డాక్టర్లు చెప్పినా ఈయన ఒళ్ళు తగ్గించలేదు, కొన్నాళ్ళు అక్కడే ఉంచండి అని చెప్పి వెళ్ళిపోయింది.

నమూనా ఎక్కడున్నా దాని స్థితి చూడటం నా బాధ్యత కాబట్టి, శనివారం శనివారం బండి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. డైరెక్టర్ గారు లుంగీ కట్టుకుని క్యాబేజీ తరుగుతూ కనిపించేవారు. నీళ్ళ బిందెలు మోసేవారు. ఎవరైనా చేతికి ఉన్న గాజు చూసి ఇది అసలుదేనా అని అడిగితే, విషయము పరిశీలనలో ఉన్నది అనేవారు. ఆయనకి గంజే పోశారు. అది పైడమ్మ పంతం, ఆయన ఉత్తర్వు నకలు మా ఆఫీసులో సంపాదించి బండికి అంటించింది కూడా. గున్నమ్మ మాత్రం గంజిలోకి వేయించిన ఉల్లిపాయ వేసేది. ఎంతైనా నా గాజు మోస్తున్న మనిషి కదా బాబూ అంది నాతో. చేతికి వేడినీళ్ళు తగిలితే గాజు త్వరగా దిగుతుందని పళ్ళాలు కడిగే పని ఆయనకిచ్చింది.

ఒక శనివారం సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన గొంతుక్కూచుని పళ్ళాలు కడుగుతున్నారు. నేను బరువు సంగతి అడగబోతుండగా, సబ్బునీళ్ళ గంగాళంలో ఏదో జారిన చప్పుడైంది. ఆయన చెయ్యి పెట్టి వెతికి గాజు పైకి తీశారు. లుంగీ అంచుతో తుడిచి, బండికి వేలాడుతున్న బల్బు వెలుగుకి ఎత్తిపట్టారు. సంస్థ పెట్టాక ఒక రాయిని విడిగా చేత పట్టుకుని వెలుగులో చూడటం ఆయనకి అదే మొదలు. నేనూ ఆయన భుజం మీంచి చూశాను.

పైవైపు ఆకుపచ్చ నిండుగా ఉంది. లోపలివైపు, ఇన్నేళ్ళు చర్మానికి రాసుకున్న చోట, గాజు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబారి ఉంది. ఆ తెలుపులో సన్నటి పగుళ్ళు, ఆ పగుళ్ళలో మాత్రం ఆకుపచ్చ, మడమ పగుళ్ళలో పసుపు ఇరుక్కున్నట్టుగా ఉంది. రాళ్ళ సంగతి ఏమీ తెలియని నాకే తెలిసిపోయింది. ఏ రంగం బజారులోనో ఎవడో రంగులో ముంచి తీసిన గాజు. దేశం వదిలి పోతున్న ఒక తల్లి, ఉన్న నాలుగు డబ్బులూ పెట్టి కూతురి చేతికి కొని తొడిగింది.

డైరెక్టర్ గారు నా వైపు చూశారు. నేను క్యాబేజీల వైపు చూశాను. నిబంధన ప్రకారం ఆయన కృత్రిమం అనాలి, నేను గాజును సంచిలో వేసి సీలు వెయ్యాలి. సంచి నా జేబులోనే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నారు. తీర్పు చెప్పేముందు ఆయన ఎప్పుడూ గొంతు సవరించుకుంటారు.

"గున్నమ్మ గారూ," అన్నారు. ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం నేను అంతకుముందు వినలేదు. "ఇది సహజమే. నేను చూశాను. గనిలోంచి వచ్చినది వచ్చినట్టే ఉంది."

గున్నమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని గాజు అందుకుంది. లోపలా బయటా ఒకసారి చూసింది. బల్బు వెలుగు ఆమె వైపే ఉంది, మాకు కనిపించింది ఆమెకి కనిపించకుండా ఉండటానికి వీల్లేదు.

"నానడిగేనా బాబూ?" అంది.

చేతికి తొడుక్కుంది. వదులై వేళ్ళదాకా జారింది. మళ్ళీ పైకి తోసుకుని, అది పడిపోకుండా మోచెయ్యి మడిచి చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. పైడమ్మని ఒక పెద్ద పళ్ళెంలో నూడుల్స్ పెట్టి, రెండు గుడ్లు కోసి వెయ్యమంది. బండి పక్క స్టూలు మీద కూచుని, ఎడంచేత్తో చెంచా పట్టుకుని తినడం మొదలుపెట్టింది. అది అయ్యాక ఇంకో పళ్ళెం అడిగింది. అంతంత ఎలా తింటావే అని పైడమ్మ కోప్పడితే, ఇది బిగిసేదాకా తింటాను అంది.

డైరెక్టర్ గారు ఖాళీ చేతులతో అక్కడే నిలబడ్డారు. తన పని అయిపోయిందో లేదో, వెళ్ళమంటారో ఉండమంటారో ఆయనకి తెలియడం లేదు. నన్ను అడుగుదామన్నట్టు చూశారు, నాకూ తెలియదు. గున్నమ్మ నోట్లో ముద్ద నమిలి మింగి, చెంచాతో గంగాళం వైపు చూపించింది.

"ఆ నాలుగు పళ్ళాలూ కడిగేసి ఎల్లండి," అంది.

ఆయన మళ్ళీ గొంతుక్కూచుని కడిగారు. తుడవడానికి నేను కూడా పక్కన కూచున్నాను.